ఏరువాక పున్నమికి పుట్టిన మనిషి

మొన్న బడులు తెరిచినప్పుడు మా పాపను ఒకటో తరగతిలో చేర్పించడానికి తీసుకుపోయాను. హెడ్మాస్టరు పేరు రాసుకున్నాడు, ఊరు రాసుకున్నాడు. పుట్టిన తేదీ దగ్గరికి వచ్చేసరికి నన్ను అడగకుండానే ఆయన పెన్ను ‘జూలై’ అని రాయబోయింది. ఆగండి సార్, ఆసుపత్రి కాగితం తెచ్చాను అన్నాను. ఆయన తలెత్తి నవ్వి, "అలవాటప్పా. ఈ బడిలో సగం మంది జూలై ఒకటినే పుట్టినారు. నువ్వెప్పుడు పుట్టినావు?" అని అడిగాడు.

నేనూ జూలై ఒకటే.

ఇంటికి వచ్చే దారిలో నాకు ఏరువాకన్న గుర్తుకొచ్చాడు. ఈసారి ఊరికే తలచుకుని వదిలేయకూడదు, రాసి పెట్టాలి అనుకున్నాను. ఎందుకంటే, నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. తరువాతి చదువంతా మా శింగనమల గ్రంథాలయంలోనూ అనంతపురం పెద్ద గ్రంథాలయంలోనూ కూర్చుని నా అంతట నేను చదువుకున్నదే. ఏ పుస్తకం చేతికొస్తే అది చదివాను. గల్ఫు నుంచి వచ్చాక, మా జిల్లా నుంచి అక్కడికి పోయినవాళ్ల గురించి ఎవరైనా రాశారేమోనని అలమరలన్నీ వెతికాను. పాత పేపర్ల కట్టల్లో రెండు రకాల మనుషులే కనిపించారు. పెట్టెలో తిరిగొచ్చినవాళ్లు, తిరిగొచ్చి మేడ కట్టినవాళ్లు. పోయి, పనిచేసి, నలుగురినీ నవ్వించి, ఒకరోజు తనంతట తాను నిర్ణయించుకుని ఊరికి వచ్చేసిన మనిషి ఎక్కడా లేడు. అలాంటివాణ్ణి నేను దగ్గరగా చూశాను. అలమరలో లేని మనిషిని చూసినవాడే రాయాలి కదా, అందుకని రాస్తున్నాను.

ఆయనది బెళుగుప్ప దగ్గర ఒక పల్లె. కువైట్‌లో రోడ్లు వేసే ఒక కంపెనీ క్యాంపులో ఆయనా, నేనూ, విడపనకల్లు నుంచి వచ్చిన రామాంజీ ఒకే గదిలో ఉండేవాళ్లం. నేను స్టోరులో సామాన్లు అందించేవాణ్ణి. రామాంజి రోలరు తోలేవాడు. ఏరువాకన్న నీళ్ల ట్యాంకరు మీద హెల్పరు. రోడ్డుకు పోసిన మట్టి గట్టిపడాలంటే దాని మీద నీళ్లు చల్లుతూ రోలరు తిప్పాలి. ట్యాంకరు ముందుకు కదులుతుంటే వెనక నిలబడి వాల్వు తిప్పడం ఆయన పని. ట్యాంకరు మలుపు తిరిగేటప్పుడు, ఎక్కడైనా ఆగినప్పుడు మిగతా హెల్పర్లు వాల్వును అలాగే వదిలేసేవాళ్లు. ఆయన కట్టేసేవాడు. మళ్లీ తిప్పడానికి ఆలస్యమవుతుందని డ్రైవరు ఎంత అరిచినా వినేవాడు కాదు. నీళ్లు ఊరికే పోతుంటే చూడడానికి తన కళ్లు ఒప్పుకోవనేవాడు. సాయంత్రం గదికి వచ్చి బూట్లు విప్పుతూ, "ఈ పొద్దు గూడా నీళ్లు పోసి రోడ్డు మొలిపించి వచ్చినా," అనేవాడు.

పొట్టి మనిషి. మంచం ఉన్నా మంచం మీద కూర్చోడు, దాని పక్కన నేల మీద గొంతుకూర్చుని మోకాళ్ల మీద చేతులు చాపేవాడు. కంపెనీ మమ్మల్ని కొత్త చోటికి తీసుకుపోయిన ప్రతిసారీ బస్సు దిగగానే అందరూ నీడ వెతుక్కుంటే ఆయన వంగి పిడికెడు మట్టి తీసుకునేవాడు. వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, కింద పోసేవాడు. ఎన్ని చోట్లకు పోయినా తీర్పు ఒకటే. "ఇది మన్ను గాదప్పా, రవ్వ. ఉప్మాకు పనికొస్తాది."

ఆయనకు ఆ పేరు రావడానికి కారణం ఆయన మాటే. మా వైపు జ్యేష్ఠ పున్నమి నాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, కాడి కట్టి చేలో తొలి సాలు దున్నుతారు. అది ఏరువాక. సేద్యగాడికి ఆ రోజే ఉగాది. ఈయన ప్రతి పనినీ ఆ రోజుకు వాయిదా వేసేవాడు. చెప్పులు తెగిపోయాయి, కొత్తవి కొనుక్కో అంటే ఏరువాక రానీ అనేవాడు. ఒక ఫోటో దిగి ఇంటికి పంపించన్నా అంటే ఏరువాక రానీ. పన్ను నొప్పితో చెంప వాచి, రామాంజి ఆయన చెయ్యి పట్టుకుని క్లినిక్కుకు లాగుతుంటే కూడా వాచిన నోటితో అదే మాట. ఆ రోజు నుంచి క్యాంపులో అందరికీ ఆయన ఏరువాకన్న అయ్యాడు. కేరళ వంటవాడు బీరాన్‌కు ఆ మాట అర్థం తెలియదు, అయినా అలాగే పిలిచేవాడు.

కంపెనీకి కొత్త మేనేజరు వచ్చాడు. ఈజిప్టు మనిషి, పేరు ఫతీ. పనివాళ్లను సంతోషపెట్టాలని, ఎవరి పుట్టినరోజు వస్తే వాళ్లకు ఆఫీసులో కేకు కోయిస్తామని బోర్డు మీద రాయించాడు. కొన్ని నెలలు ముచ్చటగా జరిగింది. ఒకరోజు ఫిలిప్పీన్స్ మెకానిక్కు, మరో రోజు ఎవరో డ్రైవరు. తరువాత జూలై ఒకటి వచ్చింది. ఆ పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి బయట మా అనంతపురం, కడప వాళ్లం స్నానాలు చేసి, తల దువ్వుకుని, బారుగా నిలబడి ఉన్నాం. మేనేజరు పాస్‌పోర్టు నకళ్లు తెప్పించి ఒక్కొక్కటే తిప్పాడు. మోసం చేస్తున్నామనుకున్నాడు. మీరందరూ ఒకే తల్లికి పుట్టారా అని హిందీలో అడిగాడు.

రామాంజి చేతులు కట్టుకుని, "లేదు సార్, ఒకే ఏజెంటుకు పుట్టినాం," అన్నాడు.

నేను ముందుకు పోయి విషయం చెప్పాను. బడిలో చేరినవాడికి హెడ్మాస్టరు, బడికి పోనివాడికి పాస్‌పోర్టు ఏజెంటు ఆ తేదీ వేస్తారనీ, మా అమ్మలకు మేము పుట్టిన తిథి తెలుసు గానీ తేదీ తెలియదనీ వివరించాను. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. పెద్ద కేకు తెప్పించాడు.

ఆ బారులో ఏరువాకన్న లేడు. పిలుచుకొని రమ్మని నన్ను పంపించారు. ట్యాంకరు నీడలో గొంతుకూర్చుని ఉన్నాడు. "అది నాది గాదు, ఏజెంటుది. కేకు ఆయప్పకే పంపియ్యండి," అన్నాడు. మరి నీది ఎప్పుడన్నా అని అడిగాను. ఆ నీడలో కూర్చునే చెప్పాడు.

ఏరువాక పున్నమి నాడు, ముందు రోజు వానకు నేల పదునెక్కి ఉంటే వాళ్ల నాయన గొర్రు కట్టాడట. వాళ్లమ్మ నిండు నెలలతో గొర్రు వెనక నడుస్తూ వేరుశనగ విత్తనం వేస్తోంది. నొప్పులు మొదలయ్యాయి. చేను గట్టు మీద, విత్తనాల మూట పక్కన ఈయన పుట్టాడు. తోడున్న ఆడవాళ్లు కేకేసి మగపిల్లోడు అని చెబితే, వాళ్ల నాయన ఎద్దులను ఆపకుండానే సంతోషం అని, ఆ సాలు చివరిదాకా తోలి, తిరిగి వచ్చే సాలులో గట్టు దగ్గర ఆగి బిడ్డను చూశాడట. ఇది చెప్పేటప్పుడు ఏరువాకన్న ముఖంలో గర్వం కనిపించేది. పదును ఎవరికోసమూ ఆగదు, నేలలో తడి ఆరిపోతే మళ్లీ వాన కోసం ఎన్నాళ్లు చూడాలో, నాయన చేసిందే సరి అనేవాడు.

ఆయన పుట్టినరోజు ఎలా జరిగేదో కూడా రాయాలి.

క్యాంపులో పంచాంగం లేదు. గోడ మీద క్యాలెండరులో ఇంగ్లీషు నెలలు, అరబ్బు నెలలు ఉండేవి. ఏరువాకన్న ఉగాది ఎప్పుడో ఇంటికి ఫోను చేసి తెలుసుకుని, అక్కడి నుంచి అమావాస్యలు చూసుకుంటూ చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం అని వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. జ్యేష్ఠంలో చంద్రుడు నిండిన సాయంత్రం, పని దిగి వచ్చాక, మెస్సు వెనక్కి పోయేవాళ్లం. గిన్నెలు కడిగిన నీళ్లు పారి అక్కడ కొంచెం తడి ఉండేది. గడ్డపారే నాగలి. దానికి మోకు కట్టి నన్నూ రామాంజినీ ఎద్దులుగా పూన్చేవాడు. నుదుట కుంకుమ పెట్టి, మా ఇద్దరి మెడల్లో టవళ్లు వేసి, హో అని అదిలించేవాడు. రామాంజి కావాలని మొరాయించి తల అడ్డంగా ఊపేవాడు. ఏరువాకన్న వాడి వీపు మీద టవలుతో ఒకటి తగిలించి, ఎడమవైపున్న నన్ను చూపించి, "దాపటెద్దు బుద్ధిగలది. ఈ వలపటెద్దే దొంగది, విడపనకల్లు సంతలో మోసపోయి కొన్యా," అనేవాడు. చుట్టూ నిలబడిన మలయాళీలకు, బంగ్లాదేశ్ వాళ్లకు ఏమీ అర్థం కాకపోయినా వాళ్లూ హో హో అని అరిచేవాళ్లు.

సాలు తీశాక సెలవులకు పోయి వచ్చినవాళ్లతో తెప్పించుకున్న విత్తనపు వేరుశనగ నాలుగు గింజలు వేసి కాలితో మట్టి కప్పేవాడు. ఆ తరువాత ఓళిగలు, అంటే బొబ్బట్లు. ఊరి నుంచి వచ్చిన బెల్లం, బీరాన్ ఇచ్చిన మైదా, కొబ్బరి. మా ఇళ్లలో పుట్టినరోజు చేసే అలవాటే లేదు. ఆ ఎడారిలో, ఇంటికి అంత దూరంలో, మా అందరికీ తెలిసిన ఒకే ఒక నిజమైన పుట్టినరోజు ఆయనది. అందుకే కాబోలు అందరం మా పుట్టినరోజులు కూడా ఆ నాడే కలిపి తిన్నట్టు తినేవాళ్లం. ఒక ఏడాది గింజలు మొలిచాయి కూడా. రెండేసి ఆకులు వేసి, వేడిగాలికి మాడిపోయాయి. నేను బాధపడితే, "మొలిసినాయి గదప్పా," అని ఆయనే నన్ను సముదాయించాడు.

ఇక అసలు సంగతి.

ఏరువాకన్న వాన మీద అలిగి వచ్చినవాడు కాదు. బోర్లు ఎండిపోయి, వరసగా కొన్నేళ్లు వేరుశనగ పూత దశలోనే మాడిపోయి, గతిలేక వచ్చాడు. చేను బీడు పడింది. అయినా ఎద్దుల జతను అమ్మలేదు. ఆయన భార్య లచ్చుమక్క వాటిని మేపుతూ ఉండేది. ఊళ్లో చాలామంది ట్రాక్టరు బాడుగకు తెచ్చుకుంటున్న కాలం అది. దున్నని ఎద్దులను ఎందుకు మేపుతారన్నా అని రామాంజి అడిగితే, "అవి ఇంట్లో ఉంటే నేను ఈడ రెన్నాళ్లకు వచ్చిన రైతును. అవి పోతే కువైట్ కూలోణ్ణి," అన్నాడు. ఇంకోసారి రామాంజి ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడాది రెండు సంగతులు ఒక్కసారే వచ్చాయి. మా కాంట్రాక్టు జూలైలో ముగుస్తుంది. కంపెనీకి ఇంకో రోడ్డు దొరికింది కాబట్టి, ఉండదలచినవాళ్లు ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టాలని ఆఫీసు చెప్పింది. అదే సమయంలో ఊరి నుంచి లచ్చుమక్క, మేతకు కసువు ఎక్కడా దొరకడం లేదనీ, ఎద్దుల డొక్కలు ఎండిపోయాయనీ, ఇంక తనవల్ల కాదనీ చెప్పింది. భార్యాభర్తలు ఫోన్లో ఒక ఒప్పందానికి వచ్చారు. ఏరువాక దాకా ఆమె మేపాలి. ఆ రోజుకు వాన పడితే ఈయన వచ్చేసి సేద్యం చేస్తాడు. పడకపోతే ఎద్దులను సంతకు తోలేయాలి, ఈయన ఇక్కడే ఉండిపోవాలి. ఈ ఒప్పందం క్యాంపులో అందరికీ తెలుసు. ఆ వేసవిలో మాకు వేరే మాటే లేదు.

వేళ్ల మీద లెక్క ప్రకారం పున్నమి వచ్చింది. వాన రాలేదు. గడువు దగ్గర పడిందని ఆఫీసు వాళ్లు అడుగుతుంటే, ఆ గురువారం ఏరువాకన్న పోయి కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చాడు. సాయంత్రం మెస్సు వెనక సాలు తీశాం. రామాంజి ఎంత మొరాయించినా టవలు దెబ్బ పడలేదు. ఓళిగ సగం తిని సగం చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

మరునాడు శుక్రవారం సెలవు. రామాంజి సెల్లు నుంచి ఊళ్లోని అంగడి ఫోనుకు చేశాం. అంగడామె పోయి లచ్చుమక్కను పిలుచుకొచ్చింది. ఏరువాకన్న మంచం పక్కన గొంతుకూర్చునే మాట్లాడాడు.

"ఎద్దుల్ని తోలెయ్. నేను ఈడ ఏలిముద్ర ఏసేసినా. ఏరువాక అయిపాయ," అన్నాడు.

ఆమె నవ్వు సెల్లులోంచి గదిలో అందరికీ వినిపించింది.

"ఎవురు జెప్పినారయ్యా నీకు అయిపాయని? ఇది అధిక జేష్టం. అసలు జేష్టం ఇంగా ముందుండాది. ఆ ఎడారిలో నెల గూడా ఎండిపోయినాదా?"

ఆయన నా ముఖం వైపు చూశాడు. సెల్లును గట్టిగా పట్టుకుని మెల్లగా, "అయితే నేను నిన్న..." అన్నాడు.

"నువ్వింగా పుట్టనే లేదు. పుట్టేదాకా మేపుతా. ఆ తర్వాత నావల్ల గాదు," అని ఆమె ఫోను పెట్టేసింది.

ఊళ్లో ఉన్న రైతు ఇలాంటి పొరపాటు చేయడు. గుడి దగ్గరో, అంగడి దగ్గరో ఎవరో ఒకరు ఈ ఏడు అధిక మాసం అని అంటారు. చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టేవాడికి అది ఎలా తెలుస్తుంది? అన్ని నెలల్లాగే ఆ నెలా నిండుతుంది, తరుగుతుంది. అది ఎక్కువ వచ్చిన నెల అని ఆకాశంలో ఎక్కడా రాసి ఉండదు.

ఆయన సంతోషించాలో ఏడవాలో తెలియక కూర్చున్నాడు. వాన రావడానికి ఇంకో నెల ఉంది. కానీ కాగితం ఆఫీసులో ఉంది.

శనివారం పొద్దున్నే ఇద్దరం మేనేజరు దగ్గరికి పోయాం. వేసిన వేలిముద్రను వెనక్కి తీసుకోవాలంటే కారణం చెప్పాలి. నేను నా హిందీలో, మధ్యమధ్య ఇంగ్లీషు ముక్కలతో, ఈ ఏడు మాకు పదమూడు నెలలని మొదలుపెట్టాను. ఫతీ గారు కళ్లజోడు తీసేశారు. మా నెలలూ చంద్రుడి నెలలే, పన్నెండుకు మించి ఒక్కటి కూడా లేదు, మీకు పదమూడోది ఎవరిచ్చారు అని అడిగారు. నా చదువు అక్కరకొచ్చిన రోజు అది. కాలగణన మీద అనంతపురం గ్రంథాలయంలో ఒక లావు పుస్తకం చదివి ఉన్నాను. చంద్రుడి ఏడాది ఎండా వానల ఏడాది కంటే పది పదకొండు రోజులు చిన్నదనీ, ఆ తేడా పెరిగి నెలంత అయినప్పుడు మా పెద్దలు ఒక నెలను ఎక్కువ వేసి సరిచేస్తారనీ చెప్పాను. ఆయన ఆసక్తిగా విన్నారు. మా రంజాను ఒకప్పుడు చలికాలంలో వస్తుంది, ఒకప్పుడు ఎండాకాలంలో వస్తుంది, దాన్ని దాని దారిన తిరగనిస్తాం, మీరు పండుగను ఎందుకు కట్టేస్తారు అని అడిగారు.

నేను ఆ ప్రశ్నను తెలుగులో చెప్పాను. ఏరువాకన్న ఆలోచించలేదు.

"సారుకు జెప్పు. మా వాన తిరగదు. వాన యాడుంటే పండగ ఆడికి పోవాల్సిందే."

నేను చెప్పాను. ఫతీ గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. తమ ఊళ్లో తన నాయన పత్తి వేసేవాడని, కాలువకు నీళ్లు వదిలే రోజున తమ ఇంట్లో కూడా ఎవరి మాటా ఎవరూ వినేవాళ్లు కాదని అన్నారు. కాగితాల బొత్తిలోంచి ఆ ఒక్క కాగితం తీసి సొరుగులో పెట్టుకున్నారు. నీ పుట్టినరోజు జూలై ఒకటి కదా, ఆ రోజు వచ్చి చెప్పు, ఉంచమంటే ఉంచుతాను, చించమంటే చించుతాను అన్నారు. అది తన పుట్టినరోజు కాదని ఏరువాకన్న నోరు తెరవబోతే నేను ఆయన కాలు తొక్కాను. బయటికి వచ్చాక లెక్క చూసుకుంటే అసలు ఏరువాక పున్నమి జూలై ఒకటికి సరిగ్గా ముందు రోజు వస్తోంది.

ఆ నెల గడవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏరువాకన్న నోట ఏరువాక రానీ అన్న మాట మాయమైంది. ప్రతి శుక్రవారం ఫోను చేసేవాడు. ఒకసారి ఉరిమిందనీ, మబ్బు బళ్లారి వైపు పోయిందనీ ఆమె చెప్పింది. ఇంకోసారి వేపకొమ్మలు కొట్టి వేస్తున్నానని చెప్పింది. ఆఖరి శుక్రవారం అంగడామె మాత్రమే మాట్లాడింది. లచ్చుమక్క కసువు కోసం పక్క ఊరికి పోయిందట. ఇక్కడేమో ఆయన ట్యాంకరు దిగి, నీళ్లు పడిన ఇసుకను తీసి వాసన చూసేవాడు. ఆ ఇసుకలో ఏమీ రాదని ఆయనకు తెలుసు.

పున్నమి సాయంత్రం రెండోసారి మెస్సు వెనక్కి పోయాం. ఒక మనిషి ఏడాదికి రెండుసార్లు ఎలా పుడతాడని బీరాన్ సణుగుతూనే పప్పు రుబ్బాడు. సాలు తీయకముందే ఫోను చేద్దామన్నాడు ఏరువాకన్న. రామాంజి నంబరు నొక్కాడు. మోగలేదు. మళ్లీ నొక్కాడు. కుయ్యిమని ఒక శబ్దం వచ్చి ఆగిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే.

అందరం చుట్టూ చేరాం. బిల్లు కట్టలేదేమో అన్నాడు రామాంజి. ఏరువాకన్న తల అడ్డంగా ఊపి, "బిల్లు కట్టకుంటే ఎవురో ఆడమనిషి ఇంగిలీసులో మాట్లాడతాది. ఇప్పుడు ఎవురూ మాట్లాడతాండ్లేదు," అన్నాడు. సెల్లును చెవికి పెట్టుకుని మరోసారి ఆ కుయ్యిమనే శబ్దం విన్నాడు. "మా ఊర్లో ఆ ఫోను పోయేది వానకే. నాలుగు సినుకులు పడితే సాలు, తీగె తడిసి మూగైపోతాది."

అది నమ్మకమో ఆశో నాకు తెలియలేదు. ఫోను పాడవడానికి వంద కారణాలుంటాయని అనబోయి, వంగి మోకు అందించాను. సాలు తీశాం. ఆ రోజు రామాంజికి టవలు దెబ్బలు బాగానే పడ్డాయి.

మరునాడు పొద్దున ఆఫీసు బయట మా వాళ్ల బారు, లోపల బల్ల మీద కేకు. ఫతీ గారు ముందుగా మమ్మల్నిద్దరినీ లోపలికి పిలిచి సొరుగులోంచి కాగితం తీశారు. వాన పడిందా అని అడిగారు.

"ఫోను పడిపోయింది సార్," అన్నాడు ఏరువాకన్న.

నేను హిందీలో చెప్పాను. అంటే ఏమిటని ఆయన అడిగారు. ఫోను పోతే వాన పడినట్టని ఈయన నమ్మకం అని వివరించాను. ఒకవేళ పడకపోయి ఉంటే? అక్కడ పైరు లేదు, ఇక్కడ పని పోయింది, అప్పుడేం చేస్తాడని ఆయన అడిగారు. కోపంతో కాదు, సొంత మనిషిని అడిగినట్టు అడిగారు. నేను ఆ ప్రశ్నను మార్చకుండా తెలుగులో చెప్పాను.

ఏరువాకన్న ఫతీ గారి చేతిలోని కాగితం వైపు చూశాడు.

"ఇన్నేండ్లూ వాన వస్తే పోదామని ఈడ కూసున్యా. వాన వచ్చేటప్పుడు సేన్లో మనిషి ఉండాల గదా. పడింటే విత్తుతా. పడకుంటే ఆడనే కూసోని సూస్తా. చించమను."

ఫతీ గారు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. తరువాత కేకు కోసి మొదటి ముక్క ఆయన చేతిలో పెట్టారు. ఏరువాకన్న దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, ఏజెంటు అదృష్టవంతుడు అన్నట్టు నావైపు కన్ను గీటి, తిన్నాడు.

వారం పైన పట్టింది ఆ ఫోను బాగుపడడానికి. ఆ వారం ఆయన ముఖంలో భయం లేదని చెప్పను. పెట్టె సర్దుకోవడం, మళ్లీ విప్పడం. కడకు ఒక మధ్యాహ్నం అటువైపు మోగింది. లచ్చుమక్క వస్తూనే, పుట్టినరోజు నాడు ఫోను కూడా చేయని మొగుడని ఎత్తిపొడిచింది. ఏరువాకకు ముందు రోజు పట్టిన వాన తెల్లారేదాకా కురిసిందట. ఫోను స్తంభాలు రెండు ఒరిగాయట. ఆమె తమ్ముడు వచ్చి గొర్రు తోలితే ఆమె వెనక నడిచి విత్తనం వేసిందట. ఇదంతా ఆయన గోడకు ముఖం పెట్టుకుని విన్నాడు.

"తూర్పు గట్టు కాడ నాలుగు సాళ్లు ఇడిసిపెట్టినా. అవి నీవి. వచ్చి ఏసుకో," అన్నది ఆమె.

"పదునారిపోతాదే, పిచ్చిదానా."

"ఆరిపోనీ. ఇంగో వానొస్తాదిలే."

ఆయన సెల్లు రామాంజికి ఇచ్చి, పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి కొత్తగా సర్దడం మొదలుపెట్టాడు.

జూలై ఆఖరులో ఆయన వెళ్లిపోయాడు. ఇంకో వాన వచ్చింది, ఆ నాలుగు సాళ్లూ విత్తాడు, తక్కిన చేను మోకాలెత్తు ఉంటే అవి మాత్రం ఆలస్యంగా పుట్టిన బిడ్డల్లా చిన్నగా ఉండేవట. పంట గొప్పగా పండిందని నేను రాయను. విత్తనానికి కాయ మిగిలింది, ఎద్దుల మేతకు వేరుశనగ కట్టె మిగిలింది. ఆ తరువాతి ఏళ్లలో ఒకటి బాగుంది, ఒకటి బాగాలేదు. ఆయన మాత్రం మళ్లీ పాస్‌పోర్టు తీయలేదు. నేను తిరిగొచ్చాక వాళ్ల పల్లెకు పోయినప్పుడు పంటి సంగతి అడిగాను. పీకించేసుకున్నానని నోరు తెరిచి చూపించాడు.

ఈ కాగితాలు రాశాక బెళుగుప్ప బస్సెక్కి పోయి ఆయనకు చదివి వినిపించాను. చేను గట్టు మీద గొంతుకూర్చుని మొత్తం విన్నాడు. మంచి ఎద్దు నువ్వే అని రాసుకున్నావే అన్నాడు. అంతకు మించి తప్పు పట్టలేదు.

ఈ రాతకు సాయపడినవాళ్లందరికీ పేరుపేరునా చెప్పుకోవాలి. నేను మరిచిపోయినవి ఫోన్లో గుర్తుచేసిన రామాంజికి, ఇప్పటికీ ఆ క్యాంపులోనే వంట చేస్తున్న బీరాన్‌కు, ఇది ఎప్పటికీ చదవలేని ఫతీ గారికి నా కృతజ్ఞతలు. కాలగణన పుస్తకాన్ని గడువు దాటినా నా దగ్గరే ఉంచుకోనిచ్చిన గ్రంథాలయం ఖాజా సారుకు రుణపడి ఉన్నాను. ఆ శుక్రవారం ఫోన్లో నవ్విన లచ్చుమక్కకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. ఏరువాకన్న తన అసలు పేరు రాయవద్దన్నాడు. "నాదేముండాది? మేపినది ఆయమ్మ, దున్నింది వాండ్లు. వాండ్ల పేర్లు రాయి," అని ఎద్దుల కొట్టం వైపు చెయ్యి చూపించాడు.

రాస్తున్నాను. కుడివైపు రాముడు, ఎడమవైపు మల్లుడు.